నడిసముద్రంలో రీల్స్ ఎలా ఆడుతున్నాయ్? క్రూయిజ్ షిప్‌లో నెట్ వెనుక ఇంత కథ ఉందా!

చుట్టూ నీళ్లే. కనుచూపు మేరలో తీరం లేదు, సెల్ టవర్ అసలే లేదు. అయినా డెక్ మీద నిలబడి వీడియో కాల్‌లో ఇంట్లోవాళ్లకు సూర్యాస్తమయం చూపిస్తున్నారు. రీల్స్ అప్‌లోడ్ చేస్తున్నారు. క్యాబిన్‌లో పడుకుని క్రికెట్ మ్యాచ్ లైవ్ చూస్తున్నారు. ఒకప్పుడు ఒక్క ఫొటో పంపడానికే తంటాలు పడిన చోట ఇదంతా ఎలా సాధ్యమవుతోంది?

ఆకాశంలో శాటిలైట్ ఉంది, షిప్ మీద డిష్ ఉంది, అంతే కదా అనుకుంటాం. కానీ ఆ డిష్ నుంచి మీ ఫోన్ దాకా నెట్ రావడానికి చాలా తతంగం ఉంది. అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటుంది. మీరు పెట్టే రీల్, షిప్ డాక్టర్ ఒడ్డుకు పంపే ఎక్స్‌రే, రెస్టారెంట్ బిల్లు, సిబ్బంది ఇంటికి చేసే కాల్.. వీటన్నింటికీ బయటికి వెళ్లే దారి దాదాపు ఒకటే. ఆ దారి ఇరుకైపోతే ముందు ఎవరు వెళ్లాలి? నెట్ నమ్మదగ్గదిగా ఉండాలంటే స్పీడ్ ఒక్కటే చాలదు. ఈ ప్రశ్నకు జవాబు ముందే సిద్ధంగా ఉండాలి.

ఒక ఊరంత జనం.. ఒకేసారి ఆన్‌లైన్‌లో

ముందు లెక్క చూద్దాం. 2024 జనవరిలో అమెరికాలోని మియామీ నుంచి తొలి ప్రయాణం మొదలుపెట్టిన 'ఐకాన్ ఆఫ్ ది సీస్' పొడవు 365 మీటర్లు. 20 డెక్కులు. గరిష్ఠంగా 7,600 మంది ప్రయాణికులు, మరో 2,350 మంది సిబ్బంది. అంటే దాదాపు 10 వేల మంది. మన దగ్గర ఒక పెద్ద ఊరు మొత్తం సముద్రం మీద కదులుతున్నట్టే.

వీళ్లలో 2,000 మంది ఒకేసారి హెచ్‌డీ వీడియో చూశారనుకోండి. ఒక్కొక్కరికి 5 ఎంబీపీఎస్ చొప్పున వేసుకున్నా మొత్తం 10,000 ఎంబీపీఎస్ కావాలి. ఇళ్లలో వాడే 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్లు వంద కలిపితే వచ్చేంత! పోనీ ఒడ్డు నుంచి కేబుల్ వేద్దామా అంటే షిప్ ఒక్కచోట ఉండదు. టవర్ సిగ్నల్ తీరం నుంచి కొన్ని పదుల కిలోమీటర్లు దాటితే అందదు. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి షిప్ దూరం వెళ్లేకొద్దీ టవర్ దిగంతం కిందికి దిగిపోతుంది. ఇక మిగిలింది ఆకాశమే.

ఆకాశంలో మూడు అంతస్తులు

షిప్‌లకు నెట్ ఇచ్చే శాటిలైట్లు మూడు ఎత్తుల్లో ఉంటాయి. పైఅంతస్తు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంది. అక్కడి శాటిలైట్ భూమితో సమానంగా తిరుగుతుంది. అందుకే మనకు ఆకాశంలో ఒకే చోట కదలకుండా ఉన్నట్టు కనిపిస్తుంది. ఇంటి మీద డీటీహెచ్ డిష్ ఎప్పుడూ ఒకవైపే చూస్తూ ఉండటానికి కారణం ఇదే.

దీంతో చిక్కేంటంటే దూరం. మీరు ఒక బటన్ నొక్కితే సిగ్నల్ పైకి వెళ్లాలి, కిందున్న గ్రౌండ్ స్టేషన్‌కు దిగాలి. జవాబు మళ్లీ పైకెక్కి మీ దగ్గరికి రావాలి. మొత్తం ప్రయాణం లక్షా 43 వేల కిలోమీటర్లు. కాంతి వేగంతో వెళ్లినా దాదాపు అర సెకను పడుతుంది. అర సెకనే కదా అనిపిస్తుంది. కానీ వీడియో కాల్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడేసి, మళ్లీ ఇద్దరూ ఒకేసారి ఆగిపోయేది ఆ అర సెకను వల్లే.

మధ్య అంతస్తు సుమారు 8,000 కిలోమీటర్ల ఎత్తు. ఎస్‌ఈఎస్ సంస్థకు చెందిన ఓ3బీ శాటిలైట్లు ఇక్కడే తిరుగుతాయి. 2013లో మొదలుపెట్టి 2019 నాటికి 20 శాటిలైట్లు పంపారు. రాయల్ కరీబియన్ లాంటి సంస్థలు క్రూయిజ్ షిప్‌లలో వీటిని ముందుగా వాడాయి. ఇక్కడికి సిగ్నల్ వెళ్లి రావడానికి సెకనులో పదో వంతు చాలు.

కింది అంతస్తు స్టార్‌లింక్‌ది. దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తులో వేల శాటిలైట్లు తిరుగుతుంటాయి. ఆలస్యం సెకనులో ఇరవయ్యో వంతుకు అటూ ఇటుగా ఉంటుంది. 2022 ఆగస్టులో రాయల్ కరీబియన్ గ్రూప్ తన షిప్‌లన్నింటికీ స్టార్‌లింక్ పెడుతున్నట్టు ప్రకటించింది. తర్వాత కార్నివాల్, నార్వేజియన్ కూడా అదే బాట పట్టాయి. నడిసముద్రంలో రీల్స్ ఆడటం మొదలైంది దాదాపు అప్పటి నుంచే.

అయితే కిందున్న శాటిలైట్ ఒకే చోట ఉండదు. కొన్ని నిమిషాల్లోనే తలమీదుగా దాటిపోతుంది. వెంటనే ఇంకొకటి అందుకోవాలి. కింద దగ్గర్లో గ్రౌండ్ స్టేషన్ లేకపోతే శాటిలైట్లు లేజర్ కిరణాలతో ఒకదాని నుంచి ఇంకోదానికి డేటా అందించుకుంటూ తీరం దాకా చేరుస్తాయి.

తెల్లటి గుండ్రటి డోమ్‌లు ఎందుకు?

క్రూయిజ్ షిప్ ఫొటో చూస్తే పైన తెల్లటి పెద్ద బంతుల్లాంటివి కనిపిస్తాయి. వాటి లోపల డిష్‌లుంటాయి. షిప్ అలల మీద అటూ ఇటూ ఊగుతుంది, మలుపు తిరుగుతుంది. డిష్ మాత్రం వేల కిలోమీటర్ల దూరంలోని శాటిలైట్ నుంచి చూపు తిప్పకూడదు. అందుకే లోపల సెన్సర్లు, మోటార్లు ఉంటాయి. షిప్ ఎటు ఒరిగితే డిష్‌ను అవి అటుకు వ్యతిరేకంగా సర్దుతుంటాయి. ఉప్పుగాలి, వాన, పక్షుల నుంచి కాపాడటానికే పైన ఆ డోమ్. స్టార్‌లింక్ తరహా పలకలకు ఈ మోటార్లు అక్కర్లేదు. అవి కదలకుండానే సిగ్నల్ దిశను ఎలక్ట్రానిక్‌గా మార్చేసుకుంటాయి.

మరి ఒకటి చాలదా, అన్ని డోమ్‌లు ఎందుకు? షిప్ తిరిగినప్పుడు పొగగొట్టమో, స్తంభమో ఒక డిష్‌కు అడ్డొస్తుంది. అప్పుడు రెండోవైపు డిష్ పని అందుకోవాలి. జోరువాన పడితే ఎక్కువ స్పీడ్ ఇచ్చే సిగ్నళ్లు బలహీనపడతాయి. వానలో ఇంట్లో డీటీహెచ్ ఆగిపోయినట్టే. వానను తట్టుకునే వేరే రకం సిగ్నల్ ఉంది గానీ దాని స్పీడ్ చాలా తక్కువ. ఇన్‌మార్‌శాట్ వారి పాత ఫ్లీట్‌బ్రాడ్‌బ్యాండ్‌లో గరిష్ఠంగా వచ్చేది 432 కేబీపీఎస్. ఒక్క హెచ్‌డీ వీడియోకే సరిపోదు. కానీ అత్యవసర మెసేజ్‌లు వెళ్లడానికి అది చాలు.

వెళ్లే చోటు కూడా ముఖ్యమే. పైఅంతస్తు శాటిలైట్లన్నీ భూమధ్యరేఖ మీదే ఉంటాయి. విశాఖ నుంచి చూస్తే అలాంటి శాటిలైట్ దాదాపు 69 డిగ్రీల ఎత్తు వరకు కనిపించవచ్చు, అంటే తల ఎత్తి చూడాల్సినంత పైన. అదే అలాస్కాలో 58 డిగ్రీల అక్షాంశం దగ్గర 24 డిగ్రీలకు మించదు. అక్కడ షిప్‌లు కొండల మధ్య ఇరుకు జలమార్గాల్లో వెళ్తాయి. కొండ అడ్డొస్తే సిగ్నల్ పోయినట్టే.

మొత్తం నెట్‌ను ఒకే కంపెనీ మీద వదిలేయకపోవడానికి ఇంకో కారణం 2025 జులై 24న ప్రపంచమంతా చూసింది. ఆ రోజు స్టార్‌లింక్ దాదాపు రెండున్నర గంటలు ఆగిపోయింది. శాటిలైట్లు పైన బాగానే ఉన్నాయి. వాటి నెట్‌వర్క్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్‌లోనే లోపం. అందుకే పెద్ద షిప్‌లలో రెండు మూడు రకాల శాటిలైట్ కనెక్షన్లు పెట్టుకుంటారు. రేవు దగ్గరికి వస్తే 4జీ, 5జీ కూడా వాడుకుంటారు. ఏ డేటా ఎటు పోవాలో ఒక సాఫ్ట్‌వేర్ క్షణక్షణం చూసుకుంటూ, ఒక దారి మూసుకుపోతే ఇంకో దారికి మళ్లిస్తుంది.

షిప్ మీదికి వచ్చింది.. క్యాబిన్‌లోకి రావాలిగా!

లిఫ్టులోకి వెళ్లగానే కాల్ కట్ అవుతుంది కదా. షిప్ మొత్తం అలాంటి లిఫ్టే అనుకోండి. గోడలు, నేల, పైకప్పు అన్నీ ఉక్కే. ఒక వైఫై రూటర్ సిగ్నల్ రెండు గోడలు దాటడమే కష్టం. అందుకే కొత్త షిప్‌లలో వరండాల్లోనే కాదు, క్యాబిన్లలో కూడా వైఫై పాయింట్లు పెడతారు. పెద్ద షిప్‌లో ఇవి వేలల్లో ఉంటాయి.

వీటన్నింటినీ కలిపే ఫైబర్ కేబుళ్లకూ రూల్స్ ఉన్నాయి. మంటలు వ్యాపించకుండా షిప్‌ను సాధారణంగా 40 మీటర్లకు మించని అడ్డ విభాగాలుగా విడగొడతారు. కేబుల్ కోసం ఆ గోడకు రంధ్రం చేస్తే, మళ్లీ మంట దూరకుండా పక్కాగా మూసేయాలి. పాత షిప్‌లకు ఇది పెద్ద తలనొప్పి. ఉదాహరణకు, మన విశాఖ వాసులకు పరిచయమైన కార్డీలియా 'ఎంప్రెస్' 1990లో 'నార్డిక్ ఎంప్రెస్' పేరుతో సముద్రంలోకి దిగిన షిప్. అప్పటికి వైఫై అనే ప్రమాణమే పుట్టలేదు. ఆ కాలపు షిప్‌లకు వైఫై అంటే కట్టేసిన ఇంటికి మళ్లీ వైరింగ్ చేయడం లాంటిదే. అదీ ఉక్కు గోడల్లో!

షిప్‌లోనే డేటా సెంటర్

నెట్ అంటే బయటి ప్రపంచంతో కనెక్షన్ మాత్రమే కాదు. క్యాబిన్ తాళం, రెస్టారెంట్ బిల్లు, ఎవరు షిప్ దిగారు, ఎవరు ఎక్కారు అనే లెక్క, సీసీ కెమెరాలు, క్యాబిన్ టీవీ.. అన్నీ లోపలి నెట్‌వర్క్ మీదే నడుస్తాయి. ప్రిన్సెస్ క్రూయిజెస్ 2017లో తెచ్చిన 'మెడాలియన్' అనే చిన్న బిళ్ల దగ్గరుంటే తలుపు దానంతటదే తెరుచుకుంటుంది, బిల్లు కూడా దాంతోనే కట్టేయొచ్చు. ప్రమాదం జరిగితే ఎక్కడ గుమిగూడాలో చెప్పే డ్రిల్‌ను కూడా 2020 నుంచి కొన్ని కంపెనీలు ఫోన్ యాప్‌లోకి తెచ్చాయి.

శాటిలైట్ లింక్ పోయినా ఇవన్నీ నడవాలి. లేదంటే తాళం తెరుచుకోక జనం వరండాలో నిలబడాలి. అందుకే సర్వర్లు షిప్‌లోనే ఉంటాయి. ఒక గదిలో మంటలొచ్చినా, నీళ్లొచ్చినా పని ఆగకుండా ముఖ్యమైన వాటికి జోడీని దూరంగా ఇంకో విభాగంలో పెడతారు.

ఈ జాగ్రత్త ఎందుకో తెలియాలంటే 2013 ఫిబ్రవరి గుర్తుచేసుకోవాలి. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో కార్నివాల్ 'ట్రయంఫ్' ఇంజిన్ రూమ్‌లో మంటలు చెలరేగి కరెంటు పోయింది. లోపల 4,200 మందికి పైగా ఉన్నారు. టగ్ బోట్లతో లాక్కుంటూ అలబామాలోని మొబైల్ రేవుకు చేర్చేసరికి నాలుగు రోజులు పట్టింది. అది పాత రూల్స్ కాలం నాటి షిప్. 2010 జులై 1 తర్వాత కట్టే పెద్ద ప్రయాణికుల షిప్‌లకు కొత్త రూల్ వచ్చింది. ఒక విభాగం మంటల్లో పోయినా షిప్ సొంతంగా రేవుకు చేరాలి. ఇంజిన్, స్టీరింగ్‌తో పాటు లోపలి, బయటి కమ్యూనికేషన్ కూడా పనిచేయాలి. ఇది కాక, ప్రయాణికుల షిప్‌లో అత్యవసర జనరేటర్ 36 గంటలు కరెంటు ఇవ్వగలగాలని అంతర్జాతీయ రూల్ ఉంది.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. నడిసముద్రంలో ఏదైనా పాడైతే టెక్నీషియన్‌ను పిలవలేం. విడిభాగాలు షిప్‌లోనే ఉండాలి, బాగుచేసేవాళ్లూ షిప్‌లోనే ఉండాలి. అందుకే షిప్ సిబ్బందిలో ఐటీ ఆఫీసర్లు ఉంటారు. ప్రయాణికులు దిగి కొత్తవాళ్లు ఎక్కే రోజు ఉదయం నుంచి సాయంత్రం లోపే పెద్ద పనులు పూర్తి చేసుకోవాలి.

దారి ఇరుకైతే ముందు ఎవరు?

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ప్రాజెక్టులో నీళ్లు తగ్గితే ఏం చేస్తారు? ముందు తాగునీరు, తర్వాతే సాగునీరు. షిప్‌లో నెట్‌కూ అదే సూత్రం. లింక్ బలహీనపడగానే సాఫ్ట్‌వేర్ వరుస అమలు చేస్తుంది. షిప్ భద్రత, డాక్టర్ అవసరాలు ముందు. షిప్ నడిపే పనులు తర్వాత. వాయిస్ కాల్స్, మెసేజ్‌లు ఆ తర్వాత. వీడియోలు, ఫోన్ అప్‌డేట్లు చివర. మీ రీల్ గుండ్రంగా తిరుగుతూ ఉంటే, ఆ సమయంలో ఇంకెవరికో అంతకంటే పెద్ద అవసరం ఉండి ఉండొచ్చు.

ఈ వరుస లేకపోతే ఏమవుతుందో చరిత్ర చెప్పింది. 1912 ఏప్రిల్ 14 రాత్రి. టైటానిక్ వైర్‌లెస్ గదిలో మార్కోని కంపెనీ ఆపరేటర్లు ప్రయాణికుల ప్రైవేట్ మెసేజ్‌లు పంపుతూ తలమునకలై ఉన్నారు. అంతకుముందు మెషిన్ పాడవడంతో మెసేజ్‌లు కుప్పపడ్డాయి. అదే సమయంలో దగ్గర్లోని 'కాలిఫోర్నియన్' అనే ఓడ.. చుట్టూ మంచు ఉంది, మేం ఆగిపోయాం అని చెప్పబోయింది. పనికి అడ్డొస్తున్నారంటూ ఆ మెసేజ్‌ను టైటానిక్ ఆపరేటర్ మధ్యలోనే ఆపేశారు. కాసేపటికి కాలిఫోర్నియన్ ఆపరేటర్ వైర్‌లెస్ కట్టేసి పడుకున్నారు. రాత్రి 11 గంటల 40 నిమిషాలకు టైటానిక్ మంచుకొండను ఢీకొట్టింది. దాదాపు 1,500 మంది చనిపోయారు.

ఆ తర్వాతే ప్రపంచ దేశాలు కూర్చుని 1914లో సముద్ర భద్రత ఒప్పందం రాసుకున్నాయి. పెద్ద ప్రయాణికుల ఓడల్లో 24 గంటలూ వైర్‌లెస్ వినాలన్న నిబంధన అలా వచ్చిందే. నేటికీ షిప్ అత్యవసర కమ్యూనికేషన్‌కు వేరే పరికరాలు తప్పనిసరి. 1999 ఫిబ్రవరి 1 నుంచి పూర్తిగా అమల్లో ఉన్న ఈ వ్యవస్థకు ప్రయాణికుల వైఫైతో సంబంధం లేదు. వైఫై మొత్తం ఆగిపోయినా షిప్ సాయం కోరగలదు.

ఒకరి ఫోన్‌లోని వైరస్ ఇంజిన్ దాకా పోకూడదు

10 వేల మంది ఫోన్లు కనెక్ట్ అయ్యే నెట్‌వర్క్‌లో ఏ ఫోన్‌లో ఏముందో ఎవరికి తెలుసు? అందుకే ప్రయాణికులు, సిబ్బంది, బిల్లింగ్, ఇంజిన్-నావిగేషన్.. ఇలా ఒకే షిప్‌లో వేర్వేరు నెట్‌వర్క్‌లు పెట్టి మధ్యలో గోడలు కడతారు. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే వైరస్ దాడితో మెర్స్క్ అనే సరుకు రవాణా దిగ్గజం 20 నుంచి 30 కోట్ల డాలర్ల నష్టం చూసింది. 2020 ఆగస్టులో కార్నివాల్ సంస్థ కూడా రాన్సమ్‌వేర్ దాడికి గురైంది. 2021 నుంచి ప్రతి షిప్పింగ్ కంపెనీ తన భద్రతా ప్రణాళికలో సైబర్ ముప్పును కూడా చేర్చాలని అంతర్జాతీయ సముద్ర సంస్థ చెప్పింది. 2024 జులై 1 తర్వాత ఆర్డర్ ఇచ్చిన కొత్త షిప్‌లకైతే డిజైన్ దశలోనే సైబర్ భద్రత ఉండాలి.

నెలల తరబడి అక్కడే ఉండేవాళ్ల సంగతి?

ప్రయాణికుడు వారం రోజుల్లో దిగిపోతాడు. కిచెన్‌లో, హౌస్‌కీపింగ్‌లో, ఇంజిన్ రూమ్‌లో పనిచేసేవాళ్లు నెలల తరబడి షిప్‌లోనే ఉంటారు. వారిలో భారతీయులు చాలామందే ఉన్నారు. పిల్లాడి పుట్టినరోజైనా, అమ్మ ఆస్పత్రిలో ఉన్నా వాళ్లకు దిక్కు ఆ నెట్టే. అందుకే 2024 డిసెంబర్ 23 నుంచి సముద్ర కార్మికుల అంతర్జాతీయ ఒప్పందంలో సవరణ అమల్లోకి వచ్చింది. సిబ్బందికి ఇంటర్నెట్‌తో సహా ఇంటివాళ్లతో మాట్లాడుకునే వసతి, సాధ్యమైనంత వరకు కల్పించాలి. డబ్బులు తీసుకుంటే ఆ రేటు న్యాయంగా ఉండాలి. షిప్‌లో నెట్ ఇప్పుడు సరదా కాదు, కార్మికుల హక్కుల్లో ఒకటి.

విశాఖ నుంచి షిప్ ఎక్కుతున్నారా? ఇవి గుర్తుంచుకోండి

2022 జూన్‌లో కార్డీలియా ఎంప్రెస్ విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైల వైపు ప్రయాణికులను తీసుకెళ్లింది. 2023 సెప్టెంబర్‌లో విశాఖ పోర్టులో ఇంటర్నేషనల్ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. మన జలాల్లో ఉన్న షిప్‌లలో నెట్ సేవలకు 2018 డిసెంబర్‌లో కేంద్రం ప్రత్యేక రూల్స్ తెచ్చింది. వాటి ప్రకారం అనుమతి ఉన్న సంస్థలే ఈ సేవలు ఇవ్వాలి.

షిప్ కదలగానే ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, తర్వాత వైఫై ఆన్ చేయండి. ఎందుకంటే చాలా షిప్‌లలో సొంత మొబైల్ నెట్‌వర్క్ ఉంటుంది. తీరం దూరమయ్యాక అది ఆన్ అవుతుంది. రోమింగ్ ఆన్‌లో ఉన్న ఫోన్ దానికి దానంతటదే కనెక్ట్ అయిందంటే బిల్లు వాచిపోతుంది. మామూలు ఇంటర్నేషనల్ రోమింగ్ ప్యాక్ క్రూయిజ్‌కు వర్తిస్తుందో లేదో మీ సిమ్ కంపెనీని ముందే అడగండి.

ఏరోప్లేన్ మోడ్‌లో ఉంటే బ్యాంకు ఓటీపీ సాధారణంగా రాదు. కాబట్టి చెల్లింపులేవైనా ఉంటే ఒడ్డు మీదే కానిచ్చేయండి. వైఫై ప్యాకేజీ ఎన్ని ఫోన్లకు వర్తిస్తుందో, వీడియో కాల్స్‌కు అనుమతి ఉందో లేదో చూసుకుని కొనండి. ఫొటోల ఆటో బ్యాకప్, యాప్‌ల ఆటో అప్‌డేట్ ఆపేయండి. సినిమాలు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. దీనివల్ల మీ డబ్బులే కాదు, అందరూ పంచుకునే ఆ దారిలో కాస్త చోటు కూడా మిగులుతుంది.

మొత్తానికి క్రూయిజ్ షిప్‌లో మంచి నెట్ అంటే ఎప్పుడూ ఆగని నెట్ అని కాదు. వాన, కొండ, మంట, వైరస్.. ఏది అడ్డొచ్చినా ముందు ఆగాల్సింది ముందు ఆగి, ఆగకూడనిది మాత్రం నడుస్తూనే ఉండే నెట్. ఆగేది మీ రీల్ అయితే పర్వాలేదు. డాక్టర్ కాల్ మాత్రం ఆగకూడదు.